పదకొండో టోపీ

మా అత్తయ్య దేశం తరఫున క్రికెట్ ఆడిందన్న సంగతి పెళ్ళైన రెండో నెలలో ఆవిడ నోటితోనే విన్నాను. విని, వంటగదిలోకి వెళ్ళి, గిన్నెల చప్పుడు పెంచి నవ్వుకున్నాను. తప్పు పూర్తిగా నాది కాదు. మా అత్తయ్య కబుర్లలో ప్రతిదీ గోరంత మొదలై కొండంత అవుతుంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఎక్కిన ప్రతి రైలూ కదిలాకే ఎక్కింది. ఆవిడ చూసిన ప్రతి పామూ ఆరడుగులకి తక్కువ లేదు. అలాంటి మనిషి, "మన ఆడవాళ్ళ జట్టు మొట్టమొదటి మ్యాచ్ ఆడిన పదకొండుమందిలో నేనొకదాన్ని, అవతలివాళ్ళ ఆఖరి వికెట్ పడగొట్టింది నేనే" అంటే చెవిలో పువ్వు పెడుతోందనే అనుకున్నాను. మా ఆయన్ని అడిగితే, "అమ్మ చెబుతూ ఉంటుంది మరి" అని పేపరు తిప్పేశాడు. కన్నకొడుక్కే లేని పట్టింపు కోడలికెందుకని నేనూ వదిలేశాను.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఇంటికి చుట్టాలొస్తే ఆవిడ ఆ కథ మొదలుపెట్టేది. నేను టీ పెట్టే వంకతో లేచేదాన్ని.

పోయినేడు మన ఆడపిల్లలు ప్రపంచకప్పు గెలిచారు. ఆ రోజు మా ఇంట్లో కుర్చీలున్నాయి గానీ కూర్చున్నవాళ్ళు లేరు. ఆఖరి ఓవర్లో అత్తయ్య టీవీ ముందు నిలబడి, ఫీల్డర్లు ఎక్కడుండాలో ఒక్కొక్కరికీ చెప్పింది. గెలిచాక వీధివీధంతా రోడ్డు మీదికొచ్చి గెంతుతుంటే, ఆవిడ మాత్రం మెట్ల మీద కూర్చుని, "మొదటి మ్యాచ్ కూడా మనమే గెలిచాం తెలుసా" అని ఎదురింటావిడకి చెప్పింది. ఆవిడ పాపం తల ఊపింది.

కప్పు వచ్చాక క్రికెట్ సంఘానికి పాత ఆటగత్తెలు గుర్తొచ్చారు. ఎవరూ లెక్కపెట్టని మొదటి పదిహేనేళ్ళలో ఆడిన వాళ్ళందరికీ, ఆడిన వరసలో నంబరేసి టోపీలివ్వాలని తీర్మానించారు. ఆ టోపీల మీద కుట్టుపని మా షాపుకొచ్చింది. నేను చేసేది ఎంబ్రాయిడరీ పని. బడి చొక్కాల మీద బ్యాడ్జీలు, హోటలు కుర్రాళ్ళ జేబుల మీద పేర్లు, అవీ ఇవీ కుడతాం. మా ఓనర్ని మేమందరం టేపు అంటాం. మెడలో కొలత టేపు లేకుండా ఆయన్ని వాళ్ళావిడ కూడా చూసి ఉండదు. ఇంత పెద్ద ఆర్డరొచ్చిన ఆనందంలో టేపు మాకు ఆ రోజు రెండుసార్లు టీ తెప్పించాడు.

ముదురు నీలం టోపీలు అరవై. ముందువైపు జట్టు గుర్తు, దాని కింద బంగారు రంగు దారంతో నంబరు. అంతే. పేర్లు టోపీ మీద ఉండవు, అట్టపెట్టె మీద చీటీ అంటిస్తారు. నంబర్ల జాబితాలో ఒక్కో పేరు పక్కన, అచ్చవబోయే చరిత్ర పుస్తకంలోంచి ఒకట్రెండు ముక్కలు రాసి పంపారు. కుడుతూ చదివాను, చదువుతూ కుట్టాను. మొదటి మ్యాచ్ గెలిచాక మన జట్టు తొమ్మిదేళ్ళపాటు ఒక్కటీ గెలవలేదు. అయినా ఆడటం మానలేదు. జట్టుమొత్తానికి నాలుగు జతల ప్యాడ్లుండేవి, అవుటై వస్తున్నామె బౌండరీ దగ్గరే విప్పి వెళ్ళబోతున్నామెకి కట్టేది. ఇరవైమూడో నంబరామె తొలి సెంచరీ కొట్టింది, అదీ తనది కాని బ్యాటుతో. ముప్ఫైఒకటో ఆమె విరిగిన బొటనవేలితో పన్నెండు ఓవర్లేసి, పరాయి గడ్డ మీద మొదటి గెలుపు తెచ్చింది. నలభయ్యో ఆమె ఆ టూరుకి సొంతడబ్బుతో వెళ్ళింది. ఇదంతా చదువుతుంటే నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వీళ్ళంతా ఎక్కడున్నారు ఇన్నాళ్ళూ అనిపించింది.

మా అత్తయ్య పేరు మాత్రం అరవైలో ఎక్కడా లేదు. నిజం చెప్పొద్దూ, అనుకున్నట్టే అయిందని ఒక్క క్షణం నాకు లోపల హాయిగా ఉంది.

ఆ మర్నాడు, అన్నీ కుట్టడం అయ్యాక, దారం ఊడిన పదకొండో టోపీని సరిచేయడానికి మళ్ళీ ఫ్రేములో బిగించినప్పుడు జాబితా ఇంకోసారి చూశాను. మొదటి మ్యాచ్ ఆడిన వాళ్ళు ఒకటి నుంచి పది. పదకొండో ఆమె పేరు పక్కన, రెండో మ్యాచ్‌తో జట్టులోకి వచ్చిందని ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాను. మొదటి మ్యాచ్‌లో మనవాళ్ళు పదిమందే. పదిమందితో ఎవరైనా దేశం తరఫున ఆడతారా? ఒకరు తక్కువున్నారు. ఆ ఒకరెవరో ఈ దేశంలో ఎవరికీ తెలియదు, తొమ్మిదేళ్ళుగా నా వంటగది గోడ అవతల కూర్చుని చెబుతున్న ఒక్క మనిషికి తప్ప. మిషను ఆపేశాను.

సాయంత్రం ఇంటికెళ్ళి జాబితా అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పది పేర్లూ చదివింది. పదకొండు దగ్గర ఆగింది. ఇల్లెగిరిపోయేలా అరుస్తుందనుకుని కిటికీ కూడా మూశాను. ఆవిడ అరవలేదు. కాగితం మడిచి నాకిచ్చి, "నా తప్పేలే" అంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. అప్పటికి ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కొత్తగా చేరిన ఆపరేటరు. క్రికెట్టుకి సెలవడిగితే సూపర్వైజరు నవ్వాడట. దాంతో జ్వరమని రాసి పడేసి మ్యాచ్‌కి వెళ్ళింది. గెలిచాక పేపరువాడు ఫోటో తీయబోతే, మర్నాడు ఆఫీసులో దొరికిపోతానని టోపీ మొహానికి అడ్డం పెట్టుకుంది. పేరు రాయొద్దని విలేకరిని బతిమాలింది. ఆ ఫోటోలో పదకొండుమంది ఉన్నారు, మొహాలు మాత్రం పది. రెండో మ్యాచ్ వేరే ఊళ్ళో. ఈసారి ఎన్ని తిప్పలు పడినా సెలవు దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి సిగ్గేసి, జట్టుకి కూడా జ్వరమనే కబురు పెట్టింది. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

"అబద్ధపు జ్వరం ఒకటే, రెండుచోట్లా వాడాను" అంది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. నాకది అస్సలు నచ్చలేదు. మర్నాడు పనికి సెలవు పెట్టాను. నిజమైన కారణమే రాశాను. టేపు చదివి, నా మొహంలోకి చూసి, సంతకం పెట్టాడు. అత్తయ్యని వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకి వెళ్ళాను.

సంఘం కార్యదర్శి మంచివాడే గానీ, అప్పటికే తలప్రాణం తోకకొచ్చిన మనిషి. కప్పు వచ్చినప్పటి నుంచి మేమూ ఆడామంటూ పుట్టగొడుగుల్లా వచ్చారట, ఒక్కొక్కరూ ఇద్దరేసి స్నేహితురాళ్ళని సాక్ష్యానికి వెంటబెట్టుకుని. అందుకని తోటివాళ్ళ మాట చెల్లదని నియమం పెట్టుకున్నారు. స్కోరు పుస్తకంలో పేరుండాలి, లేదా ఎదురు జట్టువాళ్ళు రాసివ్వాలి. ఆ పాత పుస్తకం తెచ్చి మా ముందు తెరిచాడు. ఆ రోజు ఛేజింగ్‌లో మనకి మూడే వికెట్లు పడ్డాయి. స్కోరరు పాపం బ్యాటింగుకి దిగినవాళ్ళ పేర్లే దిగిన వరసలో రాశాడు, అలా ఐదుగురు. బంతులేసినవాళ్ళూ, క్యాచ్‌లు పట్టినవాళ్ళూ కలిస్తే పదిమంది తేలారు. మా అత్తయ్య బ్యాటు పట్టలేదు, బంతి వేయలేదు, క్యాచ్ పట్టలేదు. ఆవిడ చేసింది ఒక్కటే, దూరం నుంచి విసిరి నేరుగా వికెట్లు పడగొట్టింది. పుస్తకంలో ఎదురు జట్టు ఆఖరి వికెట్ దగ్గర రనౌట్ అని మాత్రం ఉంది. ఎవరు విసిరారో రాసే అలవాటు ఆ రోజుల్లో లేదట.

"ఆ రనౌట్ అయినావిడ ఎవరండీ?" అని అడిగాను.

కార్యదర్శి వేలుపెట్టి చూపించి, ఆ వేలు అక్కడే ఆపేశాడు. అప్పటి వాళ్ళ కెప్టెనే. ఇప్పుడు వాళ్ళ దేశం జట్టు మనతో ఆడటానికి వచ్చింది కదా, టోపీల వేడుకకి ఆవిణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆ పొద్దున్నే హోటల్లో దిగింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. అత్తయ్య మాత్రం కదల్లేదు. నలభై ఏళ్ళ కిందటి మాట ఆవిడకేం గుర్తుంటుందని గొణిగింది. అవుట్ చేసినవాళ్ళు మరిచిపోతారేమో గానీ అవుటైనవాళ్ళు మరిచిపోరని కార్యదర్శి అన్నాడు. ఆయనా ఒకప్పుడు ఆడినవాడేనట.

హోటలు కింది హాల్లో ఆవిడ కిటికీ పక్కన కాఫీ తాగుతోంది. మంచి పొడగరి, కూర్చున్నా మాకంటే ఎత్తుగా ఉంది. ఆవిడ భాష వేరు. కార్యదర్శికి రెండూ వచ్చు. తెలివైనవాడు, మమ్మల్ని పరిచయం చేయకుండా, పుస్తకం కోసమని ఒక్క ప్రశ్నే వేశాడు. ఆ మొదటి మ్యాచ్‌లో మిమ్మల్ని రనౌట్ చేసిందెవరో గుర్తుందా అని.

పొడగరావిడ కప్పు ఠక్కున కింద పెట్టింది. అసలు అది అవుటే కాదంది.

కార్యదర్శి ఆ మాట మా భాషలో చెప్పాడో లేదో, అప్పటిదాకా ముడుచుకు కూర్చున్న మా అత్తయ్య ఒక్క ఉదుటున లేచింది.

"అవుట్ కాదా? బెత్తెడు బయట ఉంది బ్యాటు!"

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. పొడగరావిడ తలెత్తి చూసింది. మా అత్తయ్య ఎడమచెయ్యి అప్పటికే గాల్లో ఉంది, విసిరిన తీరు చూపిస్తూ. ఆవిడ ఆ చేతినే చూసింది, తర్వాత మొహం చూసింది, తర్వాత కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఇక చూడాలి ఆ తమాషా. ఆవిడ తన భాషలో, ఈవిడ మన భాషలో. క్రీజు, బెయిల్స్, అంపైర్, థర్డ్ మ్యాన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. కాఫీ కప్పు వికెట్లయింది. చెంచా బ్యాటయింది. పంచదార గిన్నె అంపైరయింది. పొడగరావిడ చెంచాని గీత దాటించి పెడితే, మా అత్తయ్య దాన్ని వెనక్కి లాగి పెట్టింది. మళ్ళీ ఆవిడ ముందుకి తోసింది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు తినడం మానేశారు. నలభైతొమ్మిది మీదున్నాను, యాభయ్యో పరుగు అది, ఆ తర్వాత జన్మలో యాభై కొట్టలేదు నేను, ఈ పిల్ల మూలానే అని పొడగరావిడ గొల్లుమందని కార్యదర్శి తర్జుమా చేశాడు. నా అరవైరెండేళ్ళ అత్తయ్యని పిల్ల అన్న మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూడటం.

కార్యదర్శి ఇద్దరి మధ్యా నిలబడి, మర్యాదగా గొంతు సవరించుకుని అడిగాడు. "అయితే అమ్మా, ఆ రోజు బంతి విసిరింది ఈవిడేనంటారా?"

ఇంకెవరు, ఆ ఎడమచేతిని చచ్చేదాకా మరిచిపోతానా అందావిడ. అది రాసివ్వమంటే అక్కడికక్కడే హోటలు కాగితం మీద రాసిచ్చింది. కార్యదర్శి మాకు చదివి వినిపించాడు. "ఈమె నన్ను రనౌట్ చేసింది. నేను అవుట్ కాదు." కింద సంతకం.

నేను గెంతులేయలేదంతే, మిగతావన్నీ చేశాను. పొడగరావిణ్ణి కూడా కావలించుకున్నాను. ఆవిడ పక్కటెముకల దాకానే అందాను.

అంతా అయిపోయిందనుకుంటే అసలు గొడవ అక్కడ మొదలైంది. మా అత్తయ్య మొదటి మ్యాచ్‌లోకి వస్తే నంబరు పదకొండవుతుంది. అప్పుడు పదకొండు నుంచి అరవై దాకా అందరూ ఒక్కో మెట్టు దిగాలి. యాభైమందికీ నంబర్లు చెబుతూ ఉత్తరాలు వెళ్ళిపోయాయి. కార్యదర్శి తల గోక్కుని, అరవైఒకటి ఇస్తాం, వేడుకలో అందరితో సమానంగానే పిలుస్తాం, నంబరుదేముందమ్మా అన్నాడు. నేనైతే ఒప్పేసుకునేదాన్నే.

"మొదటి మ్యాచ్ ఆడినదాన్ని అరవైఒకటో దాన్నెలా అవుతాను బాబూ?" అంది అత్తయ్య. "ఇస్తే పదకొండివ్వండి. లేకపోతే నాకసలు వద్దు."

టేపుకి ఫోన్ చేసి చెబితే, యాభై టోపీలు విప్పి మళ్ళీ కుట్టాలా, సూది బెజ్జాలు కనబడతాయే, కొత్త గుడ్డ ఎక్కణ్ణుంచి తేను, వేడుక ఎల్లుండే కదా అని ఏడవడమే తక్కువ. ఆ ఏడుపు కాస్త సాగనిచ్చాను. టోపీల మీద పేర్లు లేవు కదా ఓనరుగారూ, పెట్టెల మీద చీటీలు మారిస్తే సరిపోదా, కొత్తగా కుట్టాల్సింది అరవైఒకటో టోపీ ఒక్కటే అన్నాను. అవతల టేపు నుదురు కొట్టుకున్న చప్పుడు వినబడింది. బిడ్డని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

చీటీలు మారతాయి, మరి మనుషులు? యాభైమందిలో బతికున్నవాళ్ళు నలభైమూడు మంది. రేపు సాయంత్రంలోగా వాళ్ళలో ఒక్కరు కాదన్నా మార్చడం కుదరదని కార్యదర్శి కుండబద్దలు కొట్టాడు. అందరికీ ఫోన్లు చేసి బతిమాలే మనుషులు తన దగ్గర లేరన్నాడు.

"ఫోన్లే కదా" అంది అత్తయ్య. ముప్ఫైనాలుగేళ్ళు ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి ముందు ఆ మాట అనకూడదని ఆయనకి తెలియదు పాపం.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సంఘం ఆఫీసులో ఆవిడ ఫోను ముందు కూర్చుంది. నేను పక్కన జాబితాతో కూర్చుని, ఒప్పుకున్నవాళ్ళ పేరు దగ్గర టిక్కు పెడుతున్నాను. ఆవిడ గొంతే మారిపోయింది, పాతకాలం ఆపరేటరు గొంతు, తేనె పూసినట్టు. "నమస్కారమండీ. మొదటి మ్యాచ్ నుంచి పదకొండో నంబరు మాట్లాడుతున్నాను." అరవయ్యో ఆమెతో మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. కొందరు నవ్వి సరేనన్నారు. ముప్ఫైఒకటో ఆమె, విరిగిన వేలితో బౌలింగ్ చేసినావిడ, నంబరుతో నేను బంతెయ్యలేదులెండి అంది. ఇరవైమూడో ఆమె దగ్గర మాత్రం నాకు చెమటలు పట్టాయి. సెంచరీ చేసినావిడ కదా, ఇరవైమూడు తనకి అచ్చొచ్చిందని అరగంట వాదించింది. ఆ సెంచరీలో ఆఖరి పరుగెలా తీశారో చెప్పండి అని అత్తయ్య అడిగింది. ఆవిడ పావుగంట చెప్పింది. చెప్పాక మెత్తబడి, ఇరవైనాలుగైతే ఏంలే అంది.

నాలుగింటికి నలభైరెండు టిక్కులయ్యాయి. మిగిలింది ఒక్కరు, ఇప్పటి పదకొండో ఆమె, రెండో మ్యాచ్‌లో అత్తయ్య స్థానంలో ఆడినావిడ. కార్యదర్శి మెల్లగా చెప్పాడు, ఆవిడ ఉత్తరం అందగానే ఫ్రేము కట్టించి గోడకి తగిలించిందట. అత్తయ్య నీళ్ళు తాగి, నంబరు కలిపింది. ఈసారి తేనె గొంతు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, సెలవు సంగతి, జ్వరం సంగతి, టోపీ అడ్డం పెట్టుకున్న సంగతి అంతా. నేను ఫోను దగ్గరికి చెవి పెట్టాను.

"జ్వరం తగ్గిందా మరి?" అని అవతలినుంచి వినబడింది.

అత్తయ్యకి నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, మూడూ ఒక్కసారే. అవతలావిడ చెప్పుకుపోతోంది. ఎవరో అమ్మాయికి జ్వరమొస్తే తనని రమ్మన్నారని ఆవిడకి బాగా గుర్తేనట. అలాంటప్పుడు తను పన్నెండు కావాలి కదా, పదకొండెలా వచ్చిందా అని ఉత్తరం చూసినప్పుడే అనుకుందట. వచ్చిన నంబరు వద్దనడమెందుకని ఊరుకుందట. "నీ జ్వరం పుణ్యాన ఆరేళ్ళు ఆడానమ్మా నేను. పన్నెండు చాలు నాకు" అంది. టిక్కు పెట్టబోతే కాగితానికి చిల్లు పడింది. అంత గట్టిగా నొక్కాను.

మర్నాడు మన జట్టు బ్యాటింగయ్యాక, రెండో ఇన్నింగ్స్‌కి ముందు విరామంలో వేడుక జరిగింది. స్టేడియం నిండిపోయింది. ప్రపంచకప్పు తెచ్చిన అమ్మాయిలు వరసగా నిలబడి, ఒక్కో పాత ఆటగత్తె వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. పదకొండు అని పిలిచినప్పుడు మా అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గడ్డి మీద నడిచి వెళ్ళింది. టోపీ ఇచ్చింది పొడగరావిడే. ఇస్తూ చెవిలో ఏదో అంది. అవుట్ కాదనే అని ఉంటుంది. మా అత్తయ్య బెత్తెడు చూపించింది. నేను గ్యాలరీలో నిలబడి అరిచిన అరుపులకి మా ఆయన నన్ను కూర్చోబెట్టబోయాడు. తీరా చూస్తే ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ఆవిడ వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నంబరుని వేలితో నిమిరింది. రెండు ఒకట్ల మధ్య ఎడం ఎక్కువైందంది. సరేనన్నాను. నా వైపు చూడకుండానే అడిగింది.

"నువ్వూ నమ్మలేదు కదూ?"

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "నమ్మలేదత్తయ్యా."

"నలభై ఏళ్ళు చెప్పానే అమ్మాయ్. చెప్పీ చెప్పీ, వినేవాళ్ళ మొహాలు చూసీ చూసీ, ఈ మధ్య నాకే అనుమానమొచ్చేది. నిజంగా ఆడానా, ఆడానని అనుకుంటున్నానా అని."

నాకు సిగ్గేసింది. టీ వంకతో లేచిన తొమ్మిదేళ్ళూ కళ్ళముందుకొచ్చాయి. ఆట మళ్ళీ మొదలైంది, జనం లేచి అరుస్తున్నారు. ఆ మ్యాచ్ ఎలా జరిగిందో మొదటి బంతి నుంచీ చెప్పమన్నాను. ఆవిడ టోపీ తలకి పెట్టుకుని, నా వైపు తిరిగి కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.